కషాయం కలిపే ముందు పురుగుల లెక్క రాద్దాం: దివిసీమ నుంచి అర్మ కొండ దాకా

ఈ వారం వీడియోలో చేనుగట్టు మీద తెల్లగుడ్డ కట్టి, బల్బు వెలిగించి, రాత్రిపూట వచ్చే పురుగుల్ని ఫొటో తీయడం చూపించాను. "తమ్ముడూ, పురుగు పోయే కషాయం చెప్పు గానీ ఈ ఫొటోలు మాకెందుకు?" అని అప్పుడే ఇద్దరు ముగ్గురు ఫోన్ చేశారు. ఎందుకో ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ప్రకృతి వ్యవసాయం చేసే మనకి కషాయాలు వచ్చినంత బాగా పురుగుల లెక్క రాదు. ఆ లెక్క కూడా ఒక్క చేలో తీస్తే చాలదు, ఎత్తును బట్టి తీయాలి. సముద్రం పక్కన దివిసీమలో, విజయవాడ దగ్గర, కొండపల్లి కొండ అంచున, మారేడుమిల్లిలో, పాడేరులో, అనంతగిరిలో. ఒకే రాత్రి, ఒకే పద్ధతిలో. దీన్ని పూర్తిగా సైంటిస్టులకి వదిలేస్తే ముందు నష్టపోయేది మనమే.

ఎత్తు మారితే పురుగు మారుతుంది

రైల్వే స్టేషన్లో పసుపు బోర్డు చూసే ఉంటారు. ఊరి పేరు కింద సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో రాసి ఉంటుంది. విజయవాడ 20 మీటర్ల దగ్గర ఉంటుంది. కొత్తవలస–కిరండూల్ లైన్లో, అరకు వెళ్లే దారిలో శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్లు. పసుపు, మిరియాలు, కాఫీ కొనే పని మీద నేను ఏడాదికి మూడు నాలుగు సార్లు ఆ వైపు వెళ్తాను. మా చేలో ఫ్యాను గాలి కూడా వేడిగా కొట్టే రోజున అక్కడ దుప్పటి కావాలి.

లెక్క సులభమే. వెయ్యి మీటర్లు పైకి పోతే వేడి సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. మనకి అది స్వెట్టర్ తో పోయే విషయం. పురుగుకి అలా కాదు. దాని ఒంట్లో సొంత వేడి ఉండదు. గుడ్డు పొదగాలన్నా, గొంగళి ఎదగాలన్నా, రెక్కలు రావాలన్నా బయట వేడే ఆధారం. వేడి ఎక్కువ ఉన్నచోట తరం తొందరగా పూర్తవుతుంది, చల్లని చోట నిదానిస్తుంది. డిప్లొమాలో ఇది ఒక్క పేజీ పాఠం. పరీక్ష రాసి మర్చిపోయే పేజీ. కానీ కీటకం గురించి ఏ ఒక్క విషయం గుర్తు పెట్టుకోవాలన్నా ముందు ఇదే పెట్టుకోవాలి.

ఉష్ణమండలంలో దీనికి ఇంకో మెలిక ఉంది. 1967లో డేనియల్ జాన్జెన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక మంచి మాట చెప్పాడు. చలి దేశాల్లో పురుగు ఒకే ఏడాదిలో మంచూ చూస్తుంది, ఎండా చూస్తుంది. కాబట్టి రెండిటినీ తట్టుకునేలా తయారవుతుంది. ఉష్ణమండలంలో ఏడాది పొడుగునా వేడిలో అంత తేడా ఉండదు. అందుకని ఏ ఎత్తులో పుట్టిన పురుగు ఆ ఎత్తుకే అలవాటు పడిపోతుంది. దానికి కొండ మీద ఇంకో ఐదొందల మీటర్లు ఎక్కడమంటే వేరే దేశం పోయినట్టే. ఉష్ణమండలపు కొండ అడవుల్లో మెట్టు మెట్టుకీ వేరే పురుగులు కనబడటానికి ఇదొక పెద్ద కారణం.

పైకి పోయేకొద్దీ అన్నీ ఒకే తీరుగా తగ్గిపోతాయనుకోవద్దు. చీమల రకాలు మామూలుగా ఎత్తుకి పోయేకొద్దీ తగ్గుతాయి. నడుం వంచి కొలుస్తున్నట్టు నడిచే గొంగళ్లు ఉంటాయి చూడండి, మనం దాసరి పురుగు అనేదాని లాంటి నడక. ఆ కుటుంబపు రెక్కల పురుగుల్లో చాలాచోట్ల నడిమి ఎత్తులోనే ఎక్కువ రకాలు దొరుకుతాయి. బాగా ఎత్తైన కొండల మీద తేనెటీగల పని చాలావరకు ఈగలు చేస్తాయి. అంటే ఒక్కో గుంపుది ఒక్కో లెక్క. కింద ఒక చేను చూసి పైన ఏముంటుందో చెప్పలేం, పైన చూసి కింద చెప్పలేం.

నేను గుడ్డ కట్టి చూసినంతలో నాకు కనబడింది ఇదీ. వరి చేలో దీపానికి వచ్చేవి లెక్కకి చాలా ఎక్కువ, రకాలకి తక్కువ. ఆకుముడత, కాండం తొలుచు పురుగు, దోమ, నీటి పురుగులు, అవే మళ్లీ మళ్లీ. కొండ మీద కాఫీ తోట అంచున అయితే గుడ్డ మీద అంత గుంపు ఉండదు, కానీ ఏ రెండూ ఒకలా ఉండవు. ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి గోడౌన్లో బియ్యం బస్తాల వరసలా ఉంటుంది, ఇంకోటి సంతలా ఉంటుంది.

ఎవరో ఒకరు రాసి పెట్టబట్టే తెలిసింది

మలేసియాలో, బోర్నియో దీవి మీద కినబాలు అనే పెద్ద కొండ ఉంది. ఎత్తు 4,095 మీటర్లు. 1965లో ఒక బృందం ఆ కొండ మీద వేర్వేరు ఎత్తుల్లో దీపాలు పెట్టి రెక్కల పురుగుల్ని పట్టి రాసి పెట్టింది. 42 ఏళ్ల తర్వాత, 2007లో, ఇంకో బృందం అవే చోట్లకి వెళ్లి మళ్లీ అదే పని చేసింది. 102 రకాలను పోల్చి చూస్తే, సగటున 67 మీటర్లు పైకి జరిగాయి. కింద వేడెక్కింది, పురుగు పైకి సర్దుకుంది. 1965 నాటి రాత లేకపోతే 2007లో ఏమీ తెలిసేది కాదు. "పురుగులు బాగానే ఉన్నాయి" అనుకుని దిగి వచ్చేసేవాళ్లు.

జర్మనీలో క్రెఫెల్డ్ అనే ఊరి కీటక సంఘం సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. అందులో ఎక్కువమంది ఇష్టం కొద్దీ పురుగుల్ని చూసేవాళ్లు. రక్షిత ప్రాంతాల్లో ఒకే రకం వలలు, ఒకే పద్ధతిలో 27 ఏళ్లు కట్టారు. 2017లో ఆ లెక్క బయటికి వస్తే, ఎగిరే పురుగుల మొత్తం బరువు మూడొంతులకు పైగా పడిపోయిందని తేలింది. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. మామూలు మనుషులు, మామూలు వలలు, పద్ధతి మార్చకుండా 27 ఏళ్లు. వాళ్ల గొప్పతనమంతా అంతే.

పపువా న్యూగినీలో అయితే పల్లె జనమే ఈ పనిలో ఉన్నారు. అక్కడి మడాంగ్ దగ్గర బినతాంగ్ రీసెర్చ్ సెంటర్ అని ఉంది. వాళ్ల భాషలో బినతాంగ్ అంటే పురుగు. ఊళ్లలో పెద్ద చదువులు లేని కుర్రాళ్లకి శిక్షణ ఇచ్చి, విల్హెల్మ్ అనే కొండ మీద 200 మీటర్ల నుంచి 3,700 మీటర్ల దాకా, ప్రతి 500 మీటర్లకి ఒక చోట కీటకాల్ని పట్టి అధ్యయనం చేశారు. ఏ చెట్టు మీద ఏ పురుగు తింటుందో ఆ ఊరివాళ్లకి తెలిసినంత బయటి నుంచి వచ్చిన వాళ్లకి ఎలా తెలుస్తుంది? వాళ్లు చేయగలిగింది అల్లూరి జిల్లా గిరిజన కుర్రాళ్లు చేయలేరా? మన డెల్టా రైతు చేయలేడా?

మన కొండకి మెట్లు తక్కువ

అసలు భయం ఇక్కడుంది. కినబాలు పురుగుకి పైకి పోవడానికి నాలుగు వేల మీటర్లున్నాయి. మన అర్మ కొండ సుమారు 1,680 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఆంధ్రప్రదేశ్ లో తూర్పు కనుమలకి అంతకంటే చెప్పుకోదగ్గ ఎత్తు లేదు. పైగా ఇవి పడమటి కనుమల్లా ఒకే గోడ కాదు. గోదావరి, కృష్ణ మధ్యలో కోసుకుంటూ పోవడంతో ముక్కలు ముక్కలుగా ఉంటాయి. చల్లదనం వెతుక్కుంటూ పైకి పోయే పురుగుకి ఒక దశలో మెట్లు అయిపోతాయి. పక్క కొండకి పోదామంటే మధ్యలో వేడి మైదానం.

చల్లని చోటు పురుగు పోతుంది, సరే. దాని వెనకాలే కింది నుంచి వేడికి అలవాటు పడిన పురుగు పైకి వస్తుంది. కాఫీ రైతుకి ఇప్పటికే ఈ తలనొప్పి మొదలైంది. 2025 ఆగస్టులో అరకు లోయ తోటల్లో కాఫీ కాయతొలుచు పురుగు కనబడింది. ఆఫ్రికా నుంచి వచ్చిన ఈ పురుగు మన దేశంలో మొదట 1990లో నీలగిరి జిల్లా గూడలూరు వైపు బయటపడింది. వేడి పెరిగేకొద్దీ ఇది ఇంకా ఎత్తు తోటలకి ఎక్కుతుందని శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న అరకు అరబికాకి ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఒక రైతు అడిగే ప్రశ్న: మా తోట 1,100 మీటర్ల దగ్గర ఉంది, మాకు వస్తుందా? దీనికి సమాధానం పుస్తకంలో దొరకదు. 900 మీటర్ల తోటలో ఏ నెలలో ఎన్ని కనబడ్డాయి, వెయ్యి దగ్గర ఎన్ని, దాన్ని తినే చీమలు ఏ ఎత్తులో ఉన్నాయి, పనస, మామిడి, నేరేడు కలిసిన నీడలో ఎలా ఉంది, ఒక్క సిల్వర్ ఓక్ నీడలో ఎలా ఉంది. ఇవన్నీ ఎవరో ఒకరు నెలనెలా రాస్తే తప్ప తెలియదు. రాయకపోతే ఏమవుతుందో మనకి బాగా తెలుసు. భయం ముందు వస్తుంది, భయం వెనక మందు డబ్బా వస్తుంది. కొండ మీదకి ఆ డబ్బా ఒకసారి ఎక్కితే దింపడం కష్టం.

డెల్టా రైతుకి దీనితో ఏం పని?

సూటిగా చెప్తాను. రేపు కొండ మీద ఉండబోయే వేడి ఇవాళ మన దగ్గర ఉంది. మన చేలల్లో ఇప్పుడున్న పురుగుల పుస్తకం కొండ రైతుకి ముందు హెచ్చరిక. అలాగే మన చేల నుంచి మందుల దెబ్బకి పోయిన మిత్ర పురుగులు ఇంకా బతికున్న చోటు ఏదైనా ఉంటే, అది ఆ కొండ అంచు అడవే కావచ్చు.

కొబ్బరి, పామాయిల్ రైతులు సర్పిలాకార తెల్లదోమని మర్చిపోలేరు. 2016లో తమిళనాడు, కేరళ వైపు మొదట కనబడి మన జిల్లాలకి పాకింది. దాన్ని చాలావరకు అదుపు చేసింది ఎన్కార్సియా అనే పరాన్నజీవి, కంటికి సరిగ్గా ఆనని బుల్లి కందిరీగ. ఆ కందిరీగని ఎవరూ పనిగట్టుకుని తేలేదు, పురుగు వెంటే వచ్చింది. గమనించిన వాళ్లు ఉండబట్టి, మందు కొట్టకుండా దాన్ని కాపాడుకోవాలని తెలిసింది. అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం లాంటి చోట్ల మిత్రజీవుల్ని పెంచి ఇస్తున్నారు కూడా. అంటే ఒక కందిరీగ పేరు తెలియడం కొన్ని వేల ఎకరాల తోటలకి రక్ష. రేపు రాబోయే పురుగుకి విరుగుడు ఏ కొండ మీద ఏ చెట్టు కింద ఉందో ఎవరికి తెలుసు? ప్రపంచంలో శాస్త్రం పేరు పెట్టిన కీటకాలు పది లక్షల పైచిలుకు. పేరు పెట్టనివి అంతకు ఎన్నో రెట్లు. పేరు కూడా పెట్టకముందే పోగొట్టుకుంటే ఇక వెతికేది ఏముంది?

క్యాలెండర్ కషాయం కూడా మందే

ఈ మాటకి కొంతమంది పెద్దలకి కోపం రావచ్చు. అయినా చెప్పాలి. పురుగు ఉందో లేదో చూడకుండా పదిహేను రోజులకోసారి అని కషాయం కొట్టడం ప్రకృతి వ్యవసాయం కాదు. డబ్బా మారింది, అలవాటు మారలేదు.

అగ్నిఅస్త్రంలో పొగాకు వేస్తాం. పొగాకులో ఉండేది నికోటిన్. మనం విషమని వదిలేసిన ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు పురుగు నరాల మీద ఎక్కడ పనిచేస్తాయో, నికోటిన్ కూడా అక్కడే పనిచేస్తుంది. అది తొందరగా విరిగిపోతుంది, నిజమే. కానీ కొట్టిన రోజున అక్షింతల పురుగు ఏది, ఆకుముడత ఏది అని అడిగి చంపదు. వేప కొంచెం మెత్తన, తిన్న పురుగు మీదే ఎక్కువ పని. అందుకే నీమాస్త్రానికీ అగ్నిఅస్త్రానికీ ఒకే తేదీ పెట్టడం సరి కాదు. దివిసీమ వరికీ పాడేరు వరికీ ఒకే తేదీ పెట్టడం అసలే సరి కాదు. ఆరు డిగ్రీల తేడాలో పురుగు తరం వేరు, దాన్ని తినే పురుగు తరం వేరు.

ఇండోనేసియా ఈ పాఠం ఎప్పుడో నేర్చుకుంది. అక్కడ మందు పెరిగేకొద్దీ వరికి సుడిదోమ పెరిగింది, ఎందుకంటే దోమని తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు ముందు చచ్చాయి. 1986లో వరి మీద వాడే 57 మందుల్ని ప్రభుత్వం నిషేధించింది. తర్వాత రైతుల్ని వారం వారం చేలో కూర్చోబెట్టి పురుగుల్ని లెక్కపెట్టించింది. మన పొలంబడికి మూలం అదే. మన దగ్గర పొలంబడిలో కూర్చున్న రైతులు ఇంకా ఉన్నారు, దుబ్బుకి ఎన్ని దోమలు, ఎన్ని సాలీళ్లు అని వేళ్ల మీద చెప్పగలరు. ఆ అలవాటుని ప్రకృతి వ్యవసాయం ఇంకా గట్టిగా పట్టుకోవాలి.

రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో 2016 నుంచి మన రాష్ట్రంలో ఇంత పెద్ద కార్యక్రమం నడుస్తోంది. 2024లో గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. గర్వపడదాం. అయితే "మిత్ర పురుగులు బాగా పెరిగాయి" అని మన వీడియోల్లో అందరం చెబుతుంటాం కదా, ఎవరైనా నోట్‌బుక్ చూపించమంటే ఎంతమంది చూపిస్తాం? విజయవాడలో నా దగ్గర బియ్యం కొనేవాళ్లే అడుగుతున్నారు: మీ చేలో తేడా ఏంటో చూపించండి అని. సర్టిఫికెట్ కాగితం కంటే మూడేళ్ల పురుగుల పుస్తకం ఎక్కువ నమ్మకం కలిగిస్తుందని నా అనుభవం.

"మాకు పేర్లు తెలియవు" అనేవాళ్లకి

నిజమే, నాకూ చాలా పేర్లు తెలియవు. అవసరం లేదు కూడా. మొదట రకం 1, రకం 2 అని ఫొటోతో పెట్టుకుంటే చాలు. ఒకే పురుగుకి ఎప్పుడూ అదే నంబరు వాడాలి. పేరు తర్వాత తెలిసినవాళ్లు పెడతారు. ఎన్ని రకాలు, ఒక్కోటి ఎన్ని. ఈ రెండు ముక్కలు ఉంటే సగం శాస్త్రం చేతిలో ఉన్నట్టే.

"టైం లేదు" అంటారా? నెలకి ఒక్క రాత్రి, మూడు గంటలు. అమావాస్య రాత్రి అయితే మంచిది. వెన్నెల ఉంటే దీపానికి పురుగు తక్కువ వస్తుంది. చాలా ఊళ్లలో అమావాస్య నాడు అరక కూడా కట్టరు, కాబట్టి పని చెడదు.

"లెక్క రాస్తే ఎకరానికి ఎంత వస్తుంది?" అనేది న్యాయమైన ప్రశ్న. కొట్టక్కర్లేని కషాయం ఎన్నిసార్లు మానేశారో రాసుకోండి. ఆవు మూత్రం, ఆకు కోత, కూలీ, స్ప్రేయర్ అద్దె కలిపి చూస్తే ఎంత మిగిలిందో మీకే తెలుస్తుంది.

ఎలా చేయాలి

వీడియోలో చూపించిందే క్లుప్తంగా చెబుతాను.

తెల్ల పంచె ఒకటి, రెండు కర్రలు, ఒక బల్బు. బల్బు ఏదైనా పర్లేదు గానీ అందరం ఒకే రకం, ఒకే వాట్లది వాడాలి. దీపం మారితే లెక్క మారిపోతుంది.

రాత్రి ఏడు నుంచి పది. ప్రతి అరగంటకీ గుడ్డ మొత్తం ఒక ఫొటో, కొత్త రకానికి దగ్గరగా ఇంకో ఫొటో. పక్కన స్కేలు గానీ రూపాయి బిళ్ల గానీ పెడితే సైజు తెలుస్తుంది.

తేదీ, ఊరు, ఎత్తు, వాన, గాలి, చేలో ఏ పంట, చివరిసారి ఏం కొట్టారో రాయాలి. ఎత్తు ఫోన్లో దొరుకుతుంది.

పురుగుల్ని చంపొద్దు, పట్టుకుపోవద్దు. పని అయ్యాక దీపం తీసేస్తే వాటి దారిన అవి పోతాయి. కొండ ప్రాంతాల వాళ్లు రిజర్వ్ ఫారెస్టు లోపలికి వెళ్లొద్దు. మీ సొంత తోట అంచు చాలు.

దీపానికి రాని పురుగులు చాలా ఉంటాయి, పగటి తేనెటీగలు, సాలీళ్లు, నేల మీద పాకేవి. వాటికి మర్నాడు పొద్దున్నే చేలో పది దుబ్బులు చూసి రాస్తే సరిపోతుంది.

అధికారులకీ ఒక విన్నపం. ప్రతి మండలంలో నవధాన్యాల సాగు ఎన్ని ఎకరాలు, ఘనజీవామృతం ఎన్ని టన్నులు అని లెక్క అడుగుతున్నారు. దాని పక్కన ఇంకో గడి పెట్టండి: ఈ నెల దీపానికి ఎన్ని రకాలు వచ్చాయి, ఎంత ఎత్తులో అని. కాకినాడ తీరం నుంచి అనంతగిరి దాకా, దివిసీమ నుంచి కొండపల్లి దాకా మన రైతులు ఉన్నారు. ఇన్ని ఎత్తుల్లో రైతుల చేతి మీదుగా నడిచే లెక్క ఏ యూనివర్సిటీకి మాత్రం చేదు?

రాబోయే అమావాస్యకి నేను మా చేలో గుడ్డ కడుతున్నాను. పాడేరు, అరకు వైపు నుంచి నాకు మిరియాలు, కాఫీ ఇచ్చే రైతులు ముగ్గురు అదే రాత్రి అక్కడ కడతామన్నారు. కొండపల్లి వైపు, మారేడుమిల్లి వైపు, సముద్రం ఒడ్డున నాగాయలంక వైపు ఇంకా ఎవరూ లేరు. మీరు ఉంటే చెప్పండి, బల్బు ఏ రకం కొనాలో నేను చెప్తాను.